నెత్తుటి పడవ ఆటకి సైప్రోసా ఎందుకు అడ్డం పడింది

సరస్సు ఒడ్డున మా ఎంబిటా రేవులో ఎవర్నడిగినా సైప్రోసాకి భయమన్నది తెలియదంటారు. నిజమే కాబోలు అనిపించే సంగతులు కూడా బోలెడున్నాయి. ఒకసారి పట్టపగలు నీటిగుర్రం ఒకటి ఒడ్డెక్కి, మేము పాత వలల మీద ఆరబోసిన ఒమెనా చేపల్ని తొక్కుకుంటూ వచ్చింది. మొగాళ్ళందరూ పడవలెక్కేశారు. నేను చర్చి గోడ వెనక్కి పోయాను. సైప్రోసా మాత్రం సత్తుగిన్నె మీద గరిటెతో వాయిస్తూ, దాని ఏడు తరాల్నీ తిడుతూ, మళ్ళీ నీళ్ళలోకి తోలేసింది. ఆ తర్వాత పడవలెక్కిన మొగాళ్ళ వంతు వచ్చింది. వాళ్ళకి పడ్డ తిట్లు వింటే నీటిగుర్రానికి పడ్డవి దీవెనలే అనాలి.

ఆవిడ పక్కనే ఎన్నో ఏళ్ళుగా చేపలు ఆరబోస్తున్నదాన్ని నేను. నా పేరు డోర్సిలా. నేను చెప్తున్నాను వినండి: ఈ ఒడ్డు మీద సైప్రోసా అంత భయస్తురాలు ఇంకొకరు లేరు. ఆ భయమంతా ఒక డబ్బా గురించి. మంచం కింద, పాతబట్టల మూటలో దాచిన ప్లాస్టిక్ డబ్బా అది. అందులో మాత్రలుంటాయి. ఎవరైనా మూట కదిలిస్తే గలగలమనకుండా మాత్రల మధ్య దూది కూరి ఉంటుంది. మా వైపు దుకాణాల్లో దూది అంతగా అమ్ముడుపోయేది దెబ్బలకీ గాయాలకీ అనుకుంటే మీరు వట్టి అమాయకులు.

ఆ మాత్రలు అపోండివి. అపోండి సైప్రోసా చెల్లెలు రోజ్‌బెల్లా కూతురు. తల్లి నుంచే దానికి హెచ్‌ఐవి వచ్చింది. అది తప్పటడుగులు వేసే వయసులో తల్లి పోయింది, పెద్దమ్మ తెచ్చుకుని పెంచుకుంది. సైప్రోసాకి కడుపున పిల్లలు లేరు, మొగుడూ లేడు. అపోండే ఆవిడ ప్రాణం. ఆ జబ్బు పేరు అపోండికి తెలియదు. బడికి తెలియదు. రేవుకి తెలియదు. నాకెలా తెలుసంటారా? నేనూ ఆ మందులే మింగుతున్నాను కనక.

మా ఊళ్ళో ఆసుపత్రి లేక కాదు. ఉంది. కానీ ఈ మందుల కోసం ఇక్కడికెవరూ పోరు, ఎవరైనా చూస్తారని. లాంచీ ఎక్కి సరస్సు దాటి అవతలి ఒడ్డుకి పోతారు. నేనూ అలాగే పోయాను. వరసలో నిలబడి వెనక్కి తిరిగితే చంకలో పిల్లతో సైప్రోసా! ఇద్దరం గభాలున తలలు తిప్పేసుకుని గోడ మీది దోమ బొమ్మ వంక చూశాం. ఎంతసేపని చూస్తాం? చివరికి ఆవిడే, "బొమ్మ బాగుంది కదా" అంది. "ఆఁ, దోమ మరీ బాగుంది" అన్నాను. అలా మొదలైంది మా స్నేహం. ఆ వరసలో మా రేవు మొహాలు ఇంకా చాలానే కనిపిస్తాయి. ఎవరూ ఎవరినీ పలకరించరు. తిరుగు లాంచీలో అందరం సంతకెళ్ళి వస్తున్నట్టు కూర్చుంటాం.

అక్కడి నర్సమ్మ పిల్లలకి చెప్పమని పెద్దవాళ్ళకో కథ నేర్పింది. "నీ ఒంట్లో ఒక దొంగ నిద్రపోతున్నాడు తల్లీ. నీ నెత్తుట్లో కాపలావాళ్ళున్నారు. నువ్వు రోజూ మాత్ర వేసుకుంటే కాపలావాళ్ళకి బలం, దొంగకి నిద్ర." పిల్ల పదేళ్ళది అయ్యేలోపు ఆ దొంగ పేరు కూడా చెప్పెయ్యమంది, వేరెవరో చెప్పేలోగా మీరే చెప్పెయ్యండి అని. వెళ్ళినప్పుడల్లా అడిగేది. సైప్రోసా వెళ్ళినప్పుడల్లా "వచ్చేసారికి చెప్పేస్తాను సిస్టర్" అనేది. అపోండి అయిదో తరగతికి వచ్చింది. వచ్చేసారి మాత్రం రాలేదు.

అదిగో, ఆ ఏడాది బడికి ఆ ఆట వచ్చింది.

ఎవరో దాతలు బడికి పలకల్లాంటి కంప్యూటర్లు, టాబ్లెట్లంటారే, అవి ఇచ్చారు. వాటిలో సైన్సు నేర్పే వీడియో ఆట ఒకటి ఉంది. పిల్లలు దానికి 'నెత్తుటి పడవ' అని పేరు పెట్టుకున్నారు. ఆడేవాళ్ళు ఆవగింజంత అయిపోయి, చిన్న పడవెక్కి మనిషి నెత్తుట్లో ప్రయాణం చెయ్యాలి. దారిలో రోగాలు ఎదురవుతాయి. వలలు విసిరి వాటిని పట్టాలి, మందుతో కొట్టాలి. మా పిల్లలకి పడవా, వలా అంటే చెప్పాలా? ఎగబడ్డారు. మా అపోండి అయితే అందరికంటే ముందుంది. దాన్ని చూసి వాండయీ మాస్టారు మురిసిపోయేవాడు. సైన్సు చెప్పే మాస్టారు ఆయన, మంచివాడే, కాకపోతే గాలికి ఊగే రెల్లులా ఉంటాడు, గట్టిగా మాట్లాడితే పడిపోతాడేమో అనిపిస్తుంది.

ఒక సాయంత్రం నేను సైప్రోసా ఇంట్లో ఉగాలి, అదే మా మొక్కజొన్న ముద్ద, తింటూ ఉన్నాను. అపోండి ముద్ద చేతిలోనే పట్టుకుని ఆట గురించి ఊదరగొడుతోంది.

"పెద్దమ్మా, ఇవాళ ఏ లెవెలో తెలుసా? కాపలావాళ్ళుంటారు కదా, తెల్లటోళ్ళు, వాళ్ళని ఒకడు మోసం చేస్తాడు. వాళ్ళ ఇంట్లోనే దూరి దాక్కుంటాడు. నిద్రపోతున్నట్టు నటిస్తాడు. వాడికి మందు రోజూ వెయ్యాలి. అచ్చం నువ్వు చెప్పిన కథే! నీ కథ ఆటవాళ్ళకెలా తెలిసింది పెద్దమ్మా?"

సైప్రోసా చేతిలో ముద్ద పళ్ళెంలో పడిపోయింది.

"తిండి దగ్గర నెత్తురు కబుర్లేంటే! నోర్మూసుకు తిను" అంది. అపోండి బిత్తరపోయింది. ఆ పిల్ల మీద సైప్రోసా ఎన్నడూ అలా విరుచుకుపడలేదు.

మర్నాడు ఎండలో చేపలు తిరగేస్తూ నా చెయ్యి పట్టుకుంది. "ఏమే డోర్సిలా, ఆ ఆట దాని పేరు చెప్పేస్తుంది. ఇవాళో రేపో పలక మీద పేరు పడుతుంది. క్లాసంతా చూస్తుండగా పడుతుంది. నా పిల్ల చూసి, ఇది నాదే కదా అనుకుంటుంది. గట్టిగా అనేసినా అంటుంది, దానికి కడుపులో మాట దాగదు. నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యను ఏమిటే, నువ్వే ముందు చెప్పెయ్. ఆ నర్సమ్మ నోరు నొప్పి పుట్టేలా చెప్తూనే ఉందిగా."

"చెప్తాను. చెప్తానే. కానీ ఇప్పుడు కాదు."

"ఇంకెప్పుడే, దాని పెళ్ళిలోనా?"

మామూలుగా అయితే ఆ మాటకి నా జుట్టు పట్టుకునేది. ఆ రోజు ఏడ్చింది. నాకు చాలా భయమేసింది.

ఆ ఆటేమిటో చూద్దామని ఇద్దరం బడికి పోయాం. మాస్టారు సంతోషంగా టాబ్లెట్ చేతికిచ్చాడు. చేపల వాసన చేతులతో నేను తాకగానే నా పడవ వెళ్ళి ఎర్రటి గోడకి గుద్దుకుని పగిలిపోయింది. "తిప్పడం రాదామ్మా?" అన్నాడాయన. "మా నాన్న నాకు పడవ నేర్పలేదు మాస్టారూ, చేపలు కోయడం నేర్పాడు" అన్నాను. సైప్రోసా నవ్వలేదు. ఒక్కో బొమ్మనీ కళ్ళు చించుకుని చూస్తోంది. చదువు అంతంతమాత్రం, అయినా ఆ మూడక్షరాల కోసం వెతుకుతోంది. మాస్టార్ని ఒక్క ముక్క అడిగితే చెప్పేస్తాడు. కానీ ఎలా అడుగుతుంది? "ఇందులో హెచ్‌ఐవి ఉందా మాస్టారూ?" అంటే, నీకెందుకమ్మా ఆ సంగతి అనడా? ఆ అడగడమే ఒప్పుకోవడం. అడగకుండానే బయటికొచ్చింది. గేటు దాటాక చెంబుడు నీళ్ళు తాగి, "దీన్ని ఆపించాలి" అంది.

ఆపించడానికి మేం మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది. అప్పటికే బళ్ళో తల్లిదండ్రులు గొణుగుతున్నారు. ఒకడు పిల్లలకి కళ్ళు పోతాయన్నాడు. ఒకావిడ కొడుకు రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడని, నెత్తురు చూసే జడుసుకున్నాడని చెప్పింది. అందరికంటే పెద్ద గొంతు ఒటూమా పాస్టరుది. ఆయన మనవరాలు కూడా ఆ బళ్ళోనే చదువుతోంది. కొన్ని వారాలు ఆ గొణుగుడు విన్నాక, ఈ ఆట పిల్లలకి తగినదో కాదో తేల్చుకుందామని హెడ్‌మాస్టరు సమావేశం పెట్టాడు.

పాస్టరు లేచి, "మనిషి నెత్తుట్లో కొమ్ములున్న ఆకారాలు తిరగడం ఏ సైన్సండీ? అవి దయ్యాలు. చిన్నపిల్లల చేత దయ్యాలతో ఆటలాడిస్తున్నారు" అన్నాడు. పక్కన ఆయన భార్య రిస్పర్ చెప్పులు విప్పి, కాళ్ళు గౌనులోకి ముడుచుకుని కూర్చుంది. ఎప్పుడూ అంతే, నోరు విప్పదు.

మాస్టారు, "అవి దయ్యాలు కావు పాస్టరుగారూ, రోగక్రిములు. పెద్దగా చేసి చూపిస్తారు" అన్నాడు.

"దయ్యాన్ని పెద్దగా చేసి చూపిస్తే దేవుడవుతుందా?"

అందరూ నవ్వారు. మాస్టారు కూర్చున్నాడు. అప్పుడు లేచింది మా సైప్రోసా. అమ్మో, ఆ రోజు ఆవిడ మాట్లాడిన తీరు! నీటిగుర్రాన్ని తోలిన గొంతది. రోగాల పేర్లు పిల్లలకెందుకంది. నెత్తురుతో ఆటలేమిటంది. పిల్లలు భయపడితే ఎవరిది పూచీ అంది. తన బిడ్డ తిండి మానేసిందని అబద్ధం కూడా ఆడింది. భయపడుతున్నది పిల్లలు కాదు, నువ్వేనే అని నాకు తెలుసు. అయినా ఆట వద్దనేవాళ్ళని చేతులెత్తమన్నప్పుడు నేను కూడా ఎత్తాను. ఎత్తనా మరి? స్నేహితురాలు.

టాబ్లెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

దారిలో సైప్రోసా చాలా రోజుల తర్వాత నవ్వింది. నూనెలో వేయించిన తీపి మందాజీలు కొని పొట్లం కట్టించింది. "నా పిల్ల ఏడుస్తుంది పాపం, తీపి పెట్టి ఊరుకోబెట్టాలి" అంది. ఇద్దరం ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. అపోండి వాకిట్లో కూర్చుని గిన్నెలు తోముతోంది. ఆట ఆపేశారని పెద్దమ్మ భయం భయంగా చెప్పింది. అపోండి ఏడవలేదు.

"ఆపేస్తే ఆపెయ్యనీ పెద్దమ్మా. నేనెప్పుడో గెలిచేశాగా."

"ఏం గెలిచావే?"

"అదే, ఆ దాక్కున్న దొంగ. ఆఖరి లెవెల్. వాడు చచ్చిపోయాడు. నక్షత్రాలు రాలాయి, 'అంతా అయిపోయింది, ఒళ్ళు శుభ్రం' అని పడింది. అందుకే మాత్రలు మానేశా."

సైప్రోసాకి అర్థం కాలేదో, అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయిందో, "ఏ మాత్రలు?" అంది.

"నావే. నువ్వు రోజూ ఇస్తావుగా, నాలిక కింద పెట్టుకుని బయటికెళ్ళి తీసేస్తున్నా. పారెయ్యలేదులే, పారేస్తే తిడతావని దాచా. నీకు చెబ్దామనే అనుకున్నా. నువ్వేమో ఆ ఆట పేరెత్తితే కోప్పడుతున్నావు."

లోపలికెళ్ళి పాడైపోయిన రేడియో తెచ్చింది. వెనక మూత తీసింది. బ్యాటరీలుండాల్సిన చోటు నిండా తెల్లటి మాత్రలు. కొన్ని కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పిల్ల మొహం మతాబులా వెలుగుతోంది. పెద్దమ్మ తనని మెచ్చుకుంటుందనుకుంటోంది!

సైప్రోసా వాకిట్లోనే కూలబడిపోయింది. మందాజీల పొట్లం దుమ్ములో పడింది. నేను రేడియో లాక్కున్నాను. ఒకటి కాదు, రెండు కాదు. వారాల మాత్రలవి.

సైప్రోసా అంత జడుసుకోవడానికి కారణం మీకు చెప్పాలి. వాళ్ళ చెల్లెలు రోజ్‌బెల్లా ఆ జబ్బు వల్ల పోయిందంటారు కానీ, మందులు వేసుకున్నన్నాళ్ళూ ఆ మనిషి రాయిలా ఉండేది. బుట్టెడు చేపలు నెత్తిన పెట్టుకుని కొండెక్కేది. ఒక ఏడాది ఎక్కడినుంచో ఒక బోధకుడొచ్చి మైదానంలో గుడారం వేశాడు. వేలమంది ముందు రోజ్‌బెల్లా తల మీద చెయ్యి పెట్టి, నీ జబ్బు అయిపోయింది, నువ్వు గెలిచావు అన్నాడు. జనం కేకలు వేశారు, పాటలు పాడారు. రోజ్‌బెల్లా ఇంటికొచ్చి మందులు మానేసింది. కొన్నాళ్ళు బాగానే ఉంది, మానేసినా ఏం కాలేదు చూడక్కా అని నవ్వేది. తర్వాత ఆ దొంగ లేచాడు. లేచినవాడు మళ్ళీ పడుకోలేదు. ఆఖర్లో రోజ్‌బెల్లాని సైప్రోసా ఒక్క చేత్తో ఎత్తుకుని లాంచీ ఎక్కించింది, అంత తేలికైపోయింది మనిషి.

అపోండి ఇప్పుడు ఆ మాటే అంది. గెలిచేశా, అయిపోయింది.

మర్నాడు మొదటి లాంచీకే ముగ్గురం అవతలి ఒడ్డుకి పోయాం. నర్సమ్మ రేడియోలో మాత్రలు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అపోండిని పిలిచి ఆటంతా చెప్పించుకుంది, నెత్తురు తీసింది. మళ్ళీ ఇవాళ్టి నుంచే మాత్ర మొదలుపెట్టమంది. దొంగ ఎంతవరకు లేచాడో నెత్తురు పరీక్ష చెప్తుందట, ఆ కాగితం రావడానికి వారాలు పడుతుందట. అప్పటిదాకా పిల్లకి దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా వెంటనే తీసుకురమ్మంది.

తర్వాత సైప్రోసా వైపు తిరిగి, "వచ్చేసారి అనకమ్మా" అంది. అంతే.

తిరుగు లాంచీలో వెనకవైపు, ఇంజను మోత గట్టిగా వినబడే చోట కూర్చున్నాం. అక్కడైతే పక్కవాళ్ళకి వినబడదు. సైప్రోసా పిల్ల రెండు చేతులూ పట్టుకుని ఆ పేరు చెప్పింది. ఆట చివర చెప్పింది అబద్ధమని, ఆ దొంగ చావడని, మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ పడుకునే ఉంటాడని, నీకు ముసలితనం వచ్చేదాకా వాణ్ణి పడుకోబెట్టొచ్చని చెప్పింది. అపోండి నీళ్ళ వంక చూస్తూ వింది.

"అమ్మకీ ఇదేనా?"

"ఇదే తల్లీ."

"అమ్మ కూడా మానేసిందా?"

సైప్రోసా తలూపింది. అపోండి మొహం అప్పుడు మారింది. గబగబా తన చేతులు చూసుకుంది, మెడ తడుముకుంది, లోపల ఎవరైనా కదులుతున్నారేమో అన్నట్టు. "నాకు భయమేస్తోంది పెద్దమ్మా" అంది. "నాకూ" అంది సైప్రోసా. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను అటు తిరిగి కూర్చున్నాను, నా ఏడుపు నేను ఏడ్చాను.

రేవు కనబడుతుండగా అపోండి ఉన్నట్టుండి లేచి కూర్చుంది. "మరి వాళ్ళకెవరు చెప్తారు?"

"ఎవరికే?"

"ఆ వరసలో ఉండే మా బడి పిల్లలకి. నేను చూశాగా. మేం అక్కడ మాట్లాడుకోం కానీ తెలుసు. వాళ్ళక్కూడా కాపలావాళ్ళ కథ చెప్పారు. వాళ్ళూ ఆ లెవెల్ గెలిచారు పెద్దమ్మా."

ఇంజను ఆగింది. జనం దిగుతున్నారు. మేం ముగ్గురం కదల్లేకపోయాం.

ఆ రోజంతా సైప్రోసాతో నేను దెబ్బలాడాను. మాస్టారుకి చెప్పి ఊరుకోమన్నాను. మాస్టారుకి ఏ పిల్లలో ఏం తెలుసు, ఏ ఇంటి డబ్బా ఆ ఇంటికే తెలుసు అంది. నర్సమ్మకి చెబ్దామన్నాను. ఆవిడ వచ్చి ఇళ్ళ తలుపులు తడితే ఎవరు తీస్తారంది. వాళ్ళంతట వాళ్ళు మందులకి అక్కడికి వెళ్ళేలోపు ఎన్ని వారాలు పోతాయంది.

"అయితే నువ్వు నిలబడి అందరి ముందు చెప్తావా? నీకు పిచ్చా ఏమిటే! రేపట్నుంచి నీ పిల్ల పక్కన బెంచీ మీద ఎవరు కూర్చుంటారు? నీ చేపలెవరు కొంటారు? ఇన్నేళ్ళు దూది కూరింది ఇందుకా?"

"నోర్ముయ్యవే" అంది. కానీ గొంతులో కోపం లేదు. లోపలికెళ్ళి అపోండిని అడిగింది. "అమ్మా, నీ పేరు చెప్పకుండా చెప్తే ఎవరూ నమ్మరు. చెప్పనా?"

అపోండి ఆలోచించింది. "సెలీన్ ఇంక నా పక్కన కూర్చోదేమో."

కూర్చుంటుందిలే అనేస్తుందనుకున్నాను. సైప్రోసా, "కూర్చోదేమో" అంది.

అపోండి కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుని, "సరే చెప్పెయ్" అంది.

ఆట గురించి ఇంకో మాట మాట్లాడాలని సైప్రోసా అడిగితే హెడ్‌మాస్టరు మళ్ళీ అందర్నీ పిలిచాడు. మొన్న అంత అరిచిన మనిషి, ఈసారి టాబ్లెట్లు సరస్సులో పారెయ్యమంటుందేమో అనుకున్నారు. గది నిండిపోయింది. పాస్టరు ముందు వరసలో కూర్చుని, "రామ్మా, ధైర్యంగా చెప్పు" అన్నాడు.

సైప్రోసా లేచి నిలబడింది. బల్ల పట్టుకుంది. పట్టుకోకపోతే పడిపోయేదే. నేను పక్కనే ఉన్నాను.

"మొన్న నేను ఈ ఆట పిల్లలకి వద్దన్నాను. మా అపోండి తిండి మానేసిందన్నాను. అది అబద్ధం. మా అపోండికి హెచ్‌ఐవి ఉంది. వాళ్ళమ్మ నుంచి వచ్చింది. ఆ పేరు ఆటలో వస్తుందని భయపడి అరిచాను."

ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఆట మంచిదో చెడ్డదో నాకు తెలియదు. మాస్టారు చదువుకున్నవారు, మీరంతా కలిసి తేల్చుకోండి. నాకు తెలిసింది ఒక్కటే. ఆట ఆఖర్లో ఆ దాక్కున్న దొంగ చచ్చిపోతాడు. అంతా అయిపోయిందని పలక మీద పడుతుంది. నా పిల్ల అది చూసి, తనక్కూడా తగ్గిపోయిందనుకుని మాత్రలు మానేసింది. వారాలుగా. నోట్లో పెట్టుకుని, నేను చూడకుండా తీసేసి పాత రేడియోలో దాచింది. నాకు తెలియనే తెలియదు. నా ఎదురుగానే మింగింది కదా అనుకున్నాను."

ఆవిడ వెనక బెంచీల వైపు తిరిగింది.

"మీ ఇళ్ళల్లో ఏముందో నేనడగను. ఎవరూ నాకేం చెప్పక్కర్లేదు. ఆ ఆట గెలవని పిల్లలు ఈ బళ్ళో లేరు, అంతే చెప్తున్నాను. ఆ దొంగ చావడు. పడుకుంటాడు, అంతే."

కూర్చుంది. మాస్టారు తెల్లబోయి, బీరువా తాళం గుత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇక ఇప్పుడు వస్తాయి మాటలు అని నేను పళ్ళు బిగపట్టుకున్నాను. ఎవడైనా ఒక్క మాట అంటే మీద పడి రక్కేద్దామని.

వెనక బెంచీలోంచి ఒకావిడ లేచింది. చంటిదాన్ని వీపుకి కట్టుకుని, తల దించుకుని, తలుపు వైపు పోయింది. గడప దాటగానే ఇంటి వైపు అడుగు వేగం పెరిగింది. కిటికీ పక్కన కూర్చున్న పడవల మేస్త్రీ టోపీ తీసి నలుపుకుంటూ కూర్చున్నవాడల్లా, అందర్నీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకావిడ. తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరు. ఎవరూ ఎవరి మొహం చూడ్డం లేదు. సెలీన్ వాళ్ళమ్మ నా ముందునుంచే వెళ్ళింది, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ముందు వరసలో రిస్పర్ కాళ్ళు కిందికి దించింది. చెప్పుల కోసం వెతికింది, ఒకటే దొరికింది, దాన్ని చేత్తో పట్టుకుని లేచింది. ఆవిడని మేమా మందుల వరసలో ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు మాకంటే దూరం పోయి ఉంటారు.

"ఎక్కడికే?" అన్నాడు పాస్టరు.

రిస్పర్ తలుపు దాటి వెళ్ళిపోయింది. ఆయన ఆవిడ వెళ్ళిన తలుపు వంక చూశాడు. బైబిలు ఒళ్ళోంచి జారిపోతోంది. తర్వాత లేచి మెల్లగా గది బయటికి నడిచాడు. బడి గేటు దాటాక ఆయన పరుగెత్తడం కిటికీలోంచి మాకందరికీ కనిపించింది.